‘నేను’ ఎవరిది?

1

సికింద్రాబాదులో ఇటీవల జరిగిన ఒక చిన్న సాహిత్య గోష్ఠిలో ఒక యువ మిత్రుడు జపాను యానిమే చిత్రాల పాత్ర చిత్రణను గురించి ప్రసంగించాడు. చదువుకుని వచ్చాడు, చక్కగా మాట్లాడాడు. అతని వాదం సంగ్రహంగా ఇది: జపాను భాషలో ‘నేను’ అనటానికి ఎన్నో మాటలున్నాయి. ఏ పాత్ర ఏ మాట ఎంచుకున్నదో గమనిస్తే చాలు, ఆ పాత్ర వ్యక్తిత్వమంతా తేటతెల్లమవుతుంది. తెలుగులో ఉన్నది ఒకే ఒక్క ‘నేను’. కనుక తెలుగు ఈ విషయంలో బీద భాష. తెలుగులోకి డబ్బింగు చేసినప్పుడు ఆ వ్యక్తిత్వం అంతా నీరుగారిపోక తప్పదు.

సభలో చప్పట్లు మోగాయి. నాకు మాత్రం చేతులు కదలలేదు. ఈ వాదంలో మూడు ముక్కలున్నాయి. మొదటిది నిజం, రెండవది సగం నిజం, మూడవది పూర్తిగా తప్పు. నిజాన్ని ముందు పెట్టుకుని వచ్చే తప్పు వట్టి తప్పుకన్న ప్రమాదకరం. అందుకే ఈ వ్యాసం.

బొమ్మల సినిమాలకు ఇంత చర్చ ఎందుకని కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. వారికి ఒక్క మాట మనవి చేస్తాను. మన పిల్లలు ‘షించాన్’నూ ‘డోరేమాన్’నూ తెలుగు గొంతులతో వింటూ పెరిగారు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ పరంపరలోని ‘ఇన్ఫినిటీ కాసిల్’ మన దేశంలో విడుదలైనప్పుడు తెలుగు డబ్బింగు కూడా వచ్చింది. మన విద్యార్థి చూస్తున్నదాన్ని మనం చూడకుండా ఉంటే, దానిని గురించి అతనికి చెప్పే పని వ్యాపారస్థుడు పుచ్చుకుంటాడు. ప్రజలు చూసే కళ ఏదైనా సరే, విమర్శకుడికి అంటరానిది కాదు.

2

మొదట నిజాన్ని ఒప్పుకుందాం. జపాను భాషలో ‘వతాషి’ అన్నది మర్యాదైన ‘నేను’. ‘వతకుషి’ ఇంకా లాంఛనమైనది. ‘బోకు’ మగపిల్లలది, నెమ్మదస్థులైన మగవాళ్ళది. ‘ఓరే’ మగతనాన్ని, చనువును చాటేది. ‘అతాషి’ ఆడవాళ్ళది. ‘ఓరా’ పల్లెటూరి యాస. ‘వాషి’ ముసలివాళ్ళది. ‘సెస్షా’ వెనుకటి సమురాయిలది.

దీనికి మకోతో షింకాయ్ తీసిన ‘కిమి నో నా వా’ (2016) చిత్రంలో మంచి ఉదాహరణ ఉన్నది. పల్లెటూరి అమ్మాయి మిత్సుహా, టోక్యో కుర్రవాడు తాకీ ఒకరి శరీరంలోకి ఒకరు మారిపోతుంటారు. తాకీ శరీరంలో ఉన్న మిత్సుహా అతని స్నేహితులతో మాట్లాడుతూ అలవాటుగా ‘వతాషి’ అంటుంది. వాళ్ళు వింతగా చూస్తారు. ‘వతకుషి’ అని సర్దుకుంటుంది. వాళ్ళు ఇంకా తెల్లబోతారు. ‘బోకు’ అంటుంది. అదీ పొసగదు. చివరకు ‘ఓరే’ అనగానే అందరూ తృప్తిగా తల ఊపుతారు. ఈ నాలుగు మాటలకూ తెలుగు అనువాదం ‘నేను, నేను, నేను, నేను’. హాస్యం ఆవిరైపోయిందన్న మాట కాదనలేము.

‘డిటెక్టివ్ కోనన్’ సంగతి చూడండి. పదిహేడేళ్ళ షినిచి పసివాడి శరీరంలో చిక్కుపడి, కోనన్ అనే మారుపేరుతో బతుకుతుంటాడు. నలుగురి ముందు ‘బోకు’ అంటాడు. తనలో తాను అనుకునేటప్పుడు ‘ఓరే’ అంటాడు. ఒక్క మాటతో వేషం, నిజం రెండూ వేరుపడుతున్నాయి. ఈ ఉదాహరణను మళ్ళీ తీసుకుంటాను, కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు మిత్రునితో నాకు తగువు లేదు.

3

పోతే రెండవ ముక్క: సర్వనామం వ్యక్తిత్వాన్ని వెల్లడిస్తుందన్నది.

‘డీమన్ స్లేయర్’నే తీసుకుందాం. కథానాయకుడు తంజీరో బొగ్గులమ్మే ఇంటి బిడ్డ. తండ్రి పోయాక తానే బొగ్గులమ్మి కుటుంబాన్ని పోషించినవాడు, శత్రువు చావును చూసి కూడా కన్నీరు పెట్టగలవాడు. అతడు ‘ఓరే’ అంటాడు. జెనిత్సు పిరికివాడు, అయినదానికీ కానిదానికీ ఏడుస్తాడు. అతడూ ‘ఓరే’యే. రెంగోకు ఖడ్గవీరుల వంశంలో పుట్టిన గంభీరుడు. అతడిదీ ‘ఓరే’. మనుషులను చంపి తినే అకాజా అనే రాక్షసుడు సైతం ‘ఓరే’ అనే అంటాడు. కరుణామయుడు, పిరికివాడు, వీరుడు, నరభక్షకుడు నలుగురూ ఒకే మాటను పంచుకుంటుంటే ఆ మాట ఎవరి వ్యక్తిత్వాన్ని తెలుపుతున్నట్టు? రాక్షసులకు మూలపురుషుడైన ముజాన్ అందరికన్న క్రూరుడు. అతడు వాడేది మర్యాదైన ‘వతాషి’. ‘డ్రాగన్ బాల్’లో గ్రహాలను నాశనం చేసే ఫ్రీజా కూడా ‘వతాషి’ అంటూ ఎంతో వినయంగా మాట్లాడతాడు. పెద్దమనిషి భాషలో హత్యలు చేయించేవాళ్ళు మనకూ కొత్త కాదు. కాని అది మాటలోని గుణం కాదు, మాటకూ పనికీ ఉన్న వైరుధ్యంలోని గుణం.

అయితే ఆ మాటలు ఏమీ చెప్పవా? చెబుతాయి. అవి చెప్పేది మనిషి స్వభావాన్ని కాదు, మనిషి నిలబడ్డ మెట్టును. ఎదుటివాడు పైనున్నాడా కిందనున్నాడా, నేను ఆడా మగా, పట్నమా పల్లెనా, ఇది సభయా ఇల్లా అన్న సంగతులను చెబుతాయి. ఇవన్నీ సామాజిక సంబంధాలు. వీటిని ‘వ్యక్తిత్వం’ అని పిలవటమంటే సంఘం తగిలించిన బిళ్ళను మనిషి పుట్టుమచ్చ అనుకోవటమే.

ఆ మాటల పుట్టుక చూస్తే ఈ సంగతి మరింత స్పష్టపడుతుంది. ‘బోకు’ అని రాసే చైనా అక్షరానికి అర్థమేమిటి? సేవకుడు, దాసుడు. ‘తమ దాసుణ్ణి’ అని లేఖల్లో వినయంగా రాసుకున్న మాట పంతొమ్మిదవ శతాబ్దిలో చదువుకున్న యువకుల నోట ‘నేను’గా స్థిరపడింది. ‘సెస్షా’ అన్నా చేతకానివాడననే అర్థం. ‘ఓరే’ను మగతనానికి ముద్ర అంటున్నారు గదా, ఎదో యుగంలో స్త్రీలు కూడా ‘ఓరే’ అనేవారు. ఈశాన్య జపాను పల్లెల్లో ముసలమ్మలు అనటం నిన్నమొన్నటి దాకా ఉన్నది. మాట మారలేదు, దానిమీద హక్కు ఎవరిదన్నది మారింది.

ఇంకా పైకి పోదాం. పూర్వం చైనాలో ‘చిన్’ అని నేటి జపానువారు పలికే అక్షరం ఎవరైనా వాడుకోగల మామూలు ‘నేను’. క్రీస్తుపూర్వం 221లో చైనాను ఏకం చేసిన తొలి చక్రవర్తి ఆ మాటను తన ఒక్కడికే సొంతం చేసుకున్నాడు. భూములను ఆక్రమించినట్టే సర్వనామాన్నీ ఆక్రమించాడు. ఆ మాటే జపాను చక్రవర్తులకు సంక్రమించింది. 1945 ఆగస్టు 15న యుద్ధం ముగిసిందని రేడియోలో చదివిన ప్రకటనలో హిరోహితో వాడిన ‘నేను’ అదే. ఓడిపోయిన తర్వాత ఆయన పార్లమెంటు ముందు ‘వతకుషి’ అనవలసి వచ్చింది. ఇందులో ఆయన వ్యక్తిత్వం మారిందా, రాజ్యాంగం మారిందా?

1952లో జపాను ప్రభుత్వ భాషా మండలి మర్యాద భాషను గురించి కొన్ని సిఫారసులు చేసింది. తనను తాను చెప్పుకోవటానికి ‘వతాషి’ ప్రమాణరూపంగా ఉండాలన్నది. ‘బోకు’ మగ విద్యార్థుల మాట అనీ, చదువు ముగించి సంఘంలోకి వచ్చాక ‘వతాషి’ అనటం మంచిదనీ చెప్పింది. ‘జిబున్’ను ‘నేను’ అన్న అర్థంలో వాడవద్దన్నది. సైన్యంలో సిపాయిలు వాడిన మాట అది. యుద్ధంలో కాలిపోయిన దేశం నలుగురికీ ఒకే ‘నేను’ కావాలని తలచింది. మిత్రుడు బీదతనమని దేనిని అంటున్నాడో దానిని జపాను ప్రజాస్వామ్యం తన ఆశయంగా ప్రకటించుకున్నది!

మరి తెరమీద ఈ రకరకాల ‘నేను’లు ఎలా నిలిచాయి? ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన భాషావేత్త సతోషి కిన్సుయి దీనికి ‘యకువరిగో’ అని పేరు పెట్టాడు. అంటే వేషభాష. 2003లో దీనిపై పుస్తకం రాశాడు. కథల్లోని ముసలి శాస్త్రజ్ఞుడు ‘వాషి’ అంటూ ఒక పాతకాలపు ధోరణిలో మాట్లాడతాడు. నిజ జీవితంలో ఆచార్యులెవరూ అలా మాట్లాడరు. ఎదో పట్టణంలో పెద్దలు పశ్చిమ ప్రాంతపు భాషను వదలక పట్టుకున్న రోజుల జ్ఞాపకం అది. నాటకాల్లోకి, కథల్లోకి దిగి, అక్కడినుంచి బొమ్మల్లోకి వచ్చింది. జీవితంలో చచ్చిన భాష తెరమీద ముసలితనానికి టోపీ అయింది. ఆ టోపీ పెట్టగానే ప్రేక్షకుడు ‘ఓహో, ముసలి పండితుడు’ అని గుర్తుపడతాడు. రచయితకు శ్రమ తప్పింది, కంపెనీకి ఖర్చు తగ్గింది.

కాబట్టి మిత్రుడు వ్యక్తిత్వం అనుకున్నది చాలాచోట్ల వ్యక్తిత్వానికి బదులు పెట్టిన చీటీ. 1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో వాస్తవికతకు పెట్టిన షరతు మనకు తెలిసిందే: వివరాలు సరిగా ఉంటే చాలదు, ప్రాతినిధ్యం గల పాత్రలు ప్రాతినిధ్యం గల పరిస్థితులలో కనిపించాలి. చీటీకి పరిస్థితులు అక్కరలేదు. అదే తేడా. మంచి యానిమే ఈ చీటీని చింపుతుంది. మిత్సుహా తడబాటు గొప్పదైంది అందుకే. ‘నేను’ అన్నది లోపలినుంచి రాదు, చుట్టూ ఉన్న ముఖాలు తల ఊపితేనే నిలుస్తుందని ఆ నాలుగు మాటలు చూపించాయి.

4

ఇక మూడవ ముక్క: తెలుగు బీదతనం.

తెలుగు ‘నేను’కు ఉన్న సుగుణాలు మనం ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. దానికి ఆడ, మగ తేడా లేదు. హిందీలో ‘నేను వచ్చాను’ అనటానికి పురుషుడు ‘ఆయా’ అనాలి, స్త్రీ ‘ఆయీ’ అనాలి. తెలుగులో ఇద్దరూ ‘వచ్చాను’ అనే అంటారు. ముసలివాడిదీ పసివాడిదీ ఒకే మాట. జమీందారుదీ పాలేరుదీ ఒకే మాట. ఇది లేమి అయితే, ఓటు కూడా లేమియే. దానినీ అందరికీ ఒక్కటే ఇచ్చారు.

అంత మాత్రంచేత తెలుగు సమాజం సమసమాజమా? కానే కాదు. మనం మెట్లను ‘నేను’లో కట్టలేదు, చుట్టూ కట్టాము. ‘నువ్వు’ ఒక మెట్టు, ‘మీరు’ ఒక మెట్టు, ‘తమరు’ ఇంకొక మెట్టు. వాడు, అతను, ఆయన, వారు అన్నవి నాలుగు మెట్లు. భార్య ‘ఏమండీ’ అనాలి, భర్త ‘ఏమే’ అంటాడు. అరవై యేళ్ళ కూలిని ఆసామి ఇంటి పదేళ్ళ కుర్రవాడు ‘ఏరా’ అన్న ఊళ్ళు మనకు తెలియనివా?

స్త్రీ విషయంలో వ్యాకరణమే తీర్పు చెప్పింది. ఆవు వచ్చింది, బండి వచ్చింది, ఆమె వచ్చింది: మూడింటికీ క్రియ ఒక్కటే. ‘వచ్చాడు’ అన్నది పురుషుడికే దక్కింది. మన వ్యాకర్తలు పురుషవాచకాలను ‘మహత్తు’లని, తక్కినవాటిని ‘అమహత్తు’లని విడదీశారు. బహువచనంలో మాత్రం స్త్రీలు కూడా ‘వచ్చారు’. ఒంటరిగా ఉన్న స్త్రీ బండితో సమానం, పదిమందితో కలిస్తే మనిషి! మా తరగతిలో ఈ సూత్రం చెప్పినప్పుడు ఒక విద్యార్థిని, ‘అందుకేనేమో సార్, మమ్మల్ని సంఘం పెట్టుకోనివ్వరు’ అన్నది. నా ఉద్యోగంలో వ్యాకరణానికి ఇంత మంచి వ్యాఖ్య మరొకటి వినలేదు. ఆ విద్యార్థిని తనను గురించి తాను చెప్పుకునేటప్పుడు ‘నేను వచ్చాను’ అంటుంది. అక్కడ అమహత్తు లేదు. లోకం ఆమెను వస్తువులతో కట్టిపెట్టిన భాషలోనే ఆమెకు సమానంగా మిగిలిన ఏకవచనం ఉత్తమ పురుష.

అలాగని ఆ సమానమైన ‘నేను’ను అందరినీ పలకనిచ్చారా? ఇక్కడే మన చరిత్ర జపాను చరిత్రను కలుసుకుంటుంది. ‘బోకు’ అంటే దాసుడని చెప్పుకున్నాం. తెలంగాణలో దేశముఖుల, జాగీర్దార్ల గడీల ముందు రైతు, కూలి, చేతిపనివాడు వాడవలసి వచ్చిన ‘నేను’ ఏది? ‘నీ బాంచన్’. నీ బానిసను అని దాని అర్థం. వెంటనే ‘కాల్మొక్త’ అని కలపాలి. దొర ముందు ‘నేను చెయ్య’ అనటానికి లేదు. ‘నేను’ అన్నవాడికి వీపు చిట్లేది. అక్కడ ఉత్తమ పురుష ఏకవచనం దొరగారి సొత్తు. దొరగారైనా ఏకవచనంతో తృప్తిపడేవాడు కాదు, ఒక్కడే నిలబడి ‘మేము’ అనేవాడు. చైనా చక్రవర్తి ఆక్రమించినదాన్నే గడీలో కూర్చున్న చిన్న చక్రవర్తి ఆక్రమించాడు.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. జపానులో ‘బోకు’ దాస్యం క్రమంగా అరిగిపోయి మర్యాదస్థుడి మాటగా మారింది. ‘బాంచన్’ అరిగిపోలేదు. దానిని విరగ్గొట్టవలసి వచ్చింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుంచి 1951లో సాయుధ పోరాట విరమణ దాకా తెలంగాణ పల్లెల్లో జరిగింది భూమి కోసం పోరాటం, వెట్టి రద్దు కోసం పోరాటం. కాని ఆ పోరాటం గెలిచిన ఆస్తుల జాబితాలో ఒక సర్వనామం కూడా ఉన్నదని మన చరిత్రకారులు రాయటం మరిచారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఈ పంట నాది అని నిలబడ్డప్పుడు ఆ ‘నాది’ భూమి తగాదా మాత్రమే కాదు. బాంచన్ అనవలసిన నోరు ‘నేను’ అన్నది. మిత్రుడు బీదదని జాలిపడిన ఆ ఒక్క మాటకు మన జనం చెల్లించిన ధర అది.

మాటకోసం పోరాడటం మనవాళ్ళ చాదస్తం అనుకోకండి. 1912లో సైబీరియాలో లేనా బంగారు గనుల కార్మికులు సమ్మె చేసినప్పుడు, తమను అధికారులు ‘నువ్వు’ అనకూడదు, ‘మీరు’ అనాలన్నది కోర్కెలలో ఒకటి. 1917 మార్చిలో పెట్రోగ్రాడ్ సోవియట్ జారీ చేసిన మొదటి నంబరు ఉత్తర్వు, సైనికులను ‘నువ్వు’ అని పిలవటాన్ని నిషేధించింది, అధికారులకున్న ‘మహాప్రభో’ తరహా బిరుదులను తీసివేసింది. తుపాకులు చేతిలో ఉన్న సైనికులు మొట్టమొదటి కాగితంలోనే సర్వనామాన్ని రాసుకున్నారు. వాళ్ళకు వ్యాకరణం మీద సరదా అని ఎవరనగలరు?

5

ఇప్పుడు మన తెరకు వద్దాం. జపానువారి వేషభాష మనకు లేదా? ఉన్నది. ‘నేను’లో లేదు, దాని వెంట వచ్చే క్రియలో ఉన్నది. కోస్తావాడు ‘నేను వచ్చాను’ అంటాడు. రాయలసీమవాడు ‘వచ్చినాను’ అంటాడు. తెలంగాణవాడు ‘వచ్చిన’ అంటాడు. నేను ఒక్కటే, తోకలు మూడు. ఈ మూడు తోకల్లో ఒకదాన్ని నాయకుడికి, ఒకదాన్ని కక్షల మీసాలవాడికి, ఒకదాన్ని గూండాకూ హాస్యగాడికీ మన సినిమా పంచిపెట్టింది.

‘ప్రతిఘటన’ (1985) మంచి ఉద్దేశంతో తీసిన చిత్రమే. అందులో దుర్మార్గుడైన కాశయ్య పాత్రకు కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసను వాడి గొప్పగా నటించాడు. నటుణ్ణి తప్పుపట్టను. కాని ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏం జరిగింది? ఆ యాస వినపడితే చాలు, తెరమీదకు వచ్చింది దుర్మార్గుడో తాగుబోతో అని ప్రేక్షకుడికి తెలిసిపోయేది. అదీ యకువరిగో! చీటీ! నాలుగు కోట్లకు చేరువైన జనం ఉత్తమ పురుషను ఒక వేషానికి కుదించారు. ‘రెండున్నర జిల్లాల’ భాషను అందరి నెత్తినా రుద్దుతున్నారని కాళోజీ కోపించింది ఈ పెత్తనం మీదనే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో, గౌతం ఘోష్ ‘మా భూమి’ (1979) చిత్రంలో ఈ యాస మనిషి యాసగా వినపడింది గాని, వ్యాపార సినిమా ఆ దారి తొక్కలేదు. 2014లో రాష్ట్రం వచ్చాక గాలి మారింది. ‘ఫిదా’ (2017)లో నాయిక ఈ మాట మాట్లాడింది. ‘బలగం’ (2023)లో ఊరికి ఊరే మాట్లాడింది. సంతోషించవలసినదే. కాని నిన్న తిట్టుగా వాడిన మాటను నేడు మసాలాగా వాడితే చీటీ రంగు మారిందంతే. మనిషిని చూపించారా, యాసను అమ్మారా అని ప్రతి చిత్రాన్నీ అడుగుతూనే ఉండాలి.

ఈ చీటీ తెరమీద ఆగదు. ఇందాక గుర్తుంచుకోమన్న కోనన్‌ను ఇప్పుడు బయటికి తీస్తాను. జనగామ వైపునుంచి వచ్చిన ఒక కుర్రవాడు కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో చేరాడు. మొదటి రోజు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి ‘నేను వచ్చిన సార్’ అన్నాడు. వెనక బల్లలు ఘొల్లుమన్నాయి. మూడు నెలలు అతను నోరు విప్పలేదు. సంవత్సరాంతానికి ‘వచ్చానండీ’ అనటం నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం వరండాలో తల్లితో ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. ‘వస్తున్ననే అమ్మా’ అంటున్నాడు. నన్ను చూడగానే గొంతు తగ్గించాడు, దొంగతనం చేస్తూ పట్టుబడినవాడిలాగా. కోనన్ ప్రాణభయంతో రెండు ‘నేను’లు మోశాడు. ఈ కుర్రవాడు ఎవరికి భయపడి మోస్తున్నాడు?

నాకు భయపడి. పరీక్ష కాగితాల్లో ‘వచ్చిన’ను కొట్టివేసి ‘వచ్చాను’ అని ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి నేనే. ఆత్మవిమర్శ లేని విమర్శ మనకు తగదు గనుక ఈ మాట చెబుతున్నాను. ఉపన్యాస వేదికమీద ప్రజల భాష గొప్పదని చెప్పి, తరగతి గదిలో ఆ భాషకు మార్కులు కోసే ఉపాధ్యాయుడు గడీ ముందు నిలబడ్డ తలారికన్న ఎందులో మెరుగు?

6

ఒక ఆక్షేపణ వస్తుంది. ‘అయితే డబ్బింగు రచయిత ఏం చెయ్యాలి? అందరికీ ఒకే నేను పెట్టి ఊరుకోవాలా?’ ఊరుకోనక్కరలేదు. ‘డీమన్ స్లేయర్’లో అడవిపందుల మధ్య పెరిగిన ఇనోసుకే తనను ‘ఓరే-సామా’ అని చెప్పుకుంటాడు. ‘సామా’ పెద్దలకు తగిలించే గౌరవవాచకం. ‘నేనుగారు’ అన్నట్టు. మర్యాద అంటే ఏమిటో ఎవరూ నేర్పని కుర్రవాడు పెద్దమనుషుల తోకను లాక్కుని తనకే తగిలించుకున్నాడు. తెలుగులో దీనికి ‘ఈ ఇనోసుకే దొరవారు వేంచేశారు’ అని, తన్ను తానే ప్రథమ పురుష బహువచనంలో చెప్పించవచ్చు. ముజాన్ చేత కింకరులను ‘మీరు’ అనిపిస్తూ ప్రాణాలు తీయిస్తే ‘వతాషి’ చలవ మనకూ తగులుతుంది. షించాన్ ‘ఓరా’ పల్లె మాట. దానికి మన పల్లె క్రియల్లో జవాబు దొరుకుతుంది. కాని ఆ పల్లె మాటను వెక్కిరింతకు వాడితే, జపాను చీటీ పోయి మన చీటీ వచ్చినట్టే. తెలుగులో పనిముట్లకు కొదవ లేదు. కొదవ ఉన్నది వాటిని ఎవరిమీద ఎత్తుతున్నామన్న స్పృహకు.

మరొక పనిముట్టు ఉన్నది. దానిని చివరికి దాచాను, ఎందుకంటే జపాను భాషకు అది లేదు, ఇంగ్లీషుకు లేదు, హిందీకీ లేదు. ‘మేము’, ‘మనము’. ఎదుటివాణ్ణి బయట నిలబెడితే ‘మేము’. లోపలికి పిలిస్తే ‘మనము’. హిందీవాడు ‘హమ్’ అంటే వినేవాడు అందులో ఉన్నాడో లేడో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగువాడు నోరు తెరిస్తే దాగదు. ఒక పాత్ర కథ మొదట్లో ‘మేము’ అని, చివర్లో ‘మనము’ అంటే, ఒక నవల నడిచినంత దూరం నడిచినట్టు. ఏ ‘బోకు’, ఏ ‘ఓరే’ చెయ్యగల పని ఇది?

ఈ మాటకు మనం చేసిన ద్రోహం కూడా చెప్పుకోవాలి. ‘మనవాడేనా?’ అని తెలుగువాడు అడిగితే దానికి అర్థమేమిటో ఈ పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. అద్దె ఇంటి గుమ్మంలో, ఉద్యోగపు సిఫారసులో, పెళ్ళి సంబంధంలో, కడకు విద్యార్థి సంఘం ఎన్నికలో ‘మన’ అంటే కులం. సృష్టిలో ఉన్నవాళ్ళందరినీ లోపలికి పిలవగల సర్వనామానికి తలుపు పెట్టి, తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాము. మన భాషలో బీదతనం ఎక్కడ ఉన్నదని మిత్రుడు వెతికాడు. ‘నేను’ దగ్గర వెతికాడు కాబట్టి దొరకలేదు. అది ‘మన’ దగ్గర ఉన్నది.

యువ మిత్రుడికి చివరి మాట. మీరు యానిమే చూడటం తప్పు కాదు. ఎవరు ఏ ‘నేను’ అంటున్నారో చెవిపెట్టి వినటం ఇంకా మంచిది. ఆ చెవినే మన తరగతి గదులకు, మన సినిమాలకు, మన సంఘ సమావేశాలకు కూడా పెట్టండి. ఎవరి ‘నేను’కు నవ్వు వస్తున్నది? ఎవరి ‘నేను’కు తల ఊపుతున్నారు? ఎవరు ఇంకా ‘నేను’ అనకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన చోట వ్యక్తిత్వం ఏమిటో దానంతట అదే తెలుస్తుంది.

నా పని నేను మొదలుపెట్టాను. ఈ సంవత్సరం పరీక్ష కాగితాల్లో ‘నేను వచ్చిన’ను ఎర్రసిరాతో ముట్టుకోలేదు.